గీత కింద ముద్రలు

ఆ ఎండాకాలం మా ఊరి లైబ్రరీలో నాకు మూడు నెలల ఉద్యోగం దొరికిందని తెలిసి మా అత్తగారు సంతోషించలేదు, బాధపడలేదు. ముందు ఒక షరతు పెట్టారు.

“అక్కడ నేను నీకు అత్తని కాను, నువ్వు నాకు కోడలివి కావు. నీ తప్పు నా నెత్తికి చుట్టుకోకూడదు, నా తప్పు నీ నెత్తికి చుట్టుకోకూడదు. నాది ముందు బస్సు, నీది వెనక బస్సు. సరేనా?”

“మరి ఎదురుపడితే, అత్తయ్యా?”

“పక్కకి తప్పుకో. బండి నా చేతిలో ఉంటుంది.”

ఆ బండి పుస్తకాల బండి. లైబ్రరీ పై అంతస్తులో ఆవిడ ఇరవై ఆరేళ్లుగా పుస్తకాలు సర్దుతున్నారు. జనం చదివి తిరిగిచ్చినవాటిని బండిలో వేసుకుని, ఒక్కోదాని వీపు మీద అంటించిన నంబరు చూసి, దాన్ని దాని చోట నిలబెట్టడం ఆవిడ పని. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు. నాకూ నోరెక్కువే. లిఫ్టులు బాగుచేసే మా ఆయన ఇంట్లో మా ఇద్దరి మధ్య, రెండు అంతస్తుల నడుమ ఆగిపోయిన లిఫ్టులా ఉండేవాడు. ఎవరు మీట నొక్కినా కదిలేవాడు కాదు.

నా పని కింద, కంప్యూటరు గదిలో. లైబ్రరీ పైకప్పు కారుతోంది. వానలు పడేలోగా మరమ్మతు మొదలవ్వాలి, అది పూర్తయ్యేదాకా పాఠకులెవరూ పైకి వెళ్లడానికి వీల్లేదు. మరి పుస్తకం ఎంచుకునేదెలా? దానికోసం కంప్యూటరులో కొత్తగా ఒక అల్మారా తయారవుతోంది. కాగితాల మీద దాని పేరు వర్చువల్ షెల్ఫ్. మేమంతా తెర అల్మారా అనేవాళ్లం. ఒక పుస్తకం పేరు కొడితే దాని అట్ట, దానికి అటూ ఇటూ నంబరు వరసలో ఉండే పుస్తకాల అట్టలు తెర మీద నిలబడతాయి. వేలితో కుడికీ ఎడమకీ జరుపుకుంటూ పోవచ్చు, నిజం అల్మారా ముందు నడిచినట్టే. ఇంకెవరో ఇంటికి తీసుకెళ్లిన పుస్తకం కూడా అక్కడ కనిపిస్తుంది. వరసలో పళ్లూడిన సందులుండవు.

ఒక్కో పుస్తకం వివరాలు సరిచూసి అందులోకి ఎక్కించడం నా వంతు. పేరు, రచయిత, నంబరు, తర్వాత ‘రెండో నంబరు’ అని ఇంకో గడి. ఆ గడి అన్ని పుస్తకాలకీ ఖాళీయే. అదెందుకో ఎవరికీ తెలీదు. దాన్ని దాటడానికి రోజుకి మూడు వందల సార్లు ట్యాబ్ నొక్కీ నొక్కీ నా వేలు వాచింది.

మూడో వారంలో పుస్తకాల నంబర్లు చదివే చేతి యంత్రం పట్టుకుని పైకి వెళ్లాను. ప్రతి పుస్తకానికీ దాన్ని చూపిస్తే కీ మంటుంది. వరస తప్పి ఉంటే రెండుసార్లు కీ కీ మంటుంది. మా అత్తగారు బండి తోసుకుంటూ నా వెనక నుంచి, ముందు నుంచి తిరుగుతూనే ఉన్నారు. నేను గోడని చూశాను, ఆవిడ కిటికీని చూశారు. యంత్రం కీ కీ మన్నప్పుడల్లా ఆవిడ బండి ఒక్క క్షణం ఆగేది. చక్రం పట్టేస్తోంది కాబోలు అనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

వరస తప్పినవి రెండు వందల పద్నాలుగు తేలాయి. జాబితా అచ్చు తీసి, మూల కుట్టి, లైబ్రేరియన్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన్ని అందరూ చాటుగా సైలెన్స్ గారు అంటారు. మాట్లాడటం కంటే పెదవుల మీద వేలు పెట్టడమే ఎక్కువ. ఆయన జాబితా ఆసాంతం తిరగేసి, “శ్రద్ధగా చేశావమ్మా” అన్నారు. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ పై అంతస్తులో పుస్తకాలు సర్దేది ఒక్క మనిషేనని, ఆ మనిషి పొద్దున నాకు టిఫిన్ డబ్బా కట్టిచ్చిందని, ఆ నిమిషంలో నాకు తట్టనే లేదు.

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం వెనక బస్సులో ఇల్లు చేరేసరికి వంటింటి గట్టు మీద ఒక ఉత్తరం ఉంది. అత్తగారు గిన్నెలు తోముతున్నారు.

“చదువు” అన్నారు, తిరక్కుండానే.

చదివాను. ‘అంకెల క్రమం తెలియనందువల్ల రెండు వందల పద్నాలుగు పుస్తకాలను తప్పు స్థానాల్లో ఉంచినట్లు తేలింది. వాటిని వెంటనే సరైన స్థానాలకు చేర్చాలి. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి సంచుల కౌంటరులో పనిచేయాలి.’

సంచుల కౌంటరంటే గేటు పక్కనుండే చిన్న గది. లోపలికొచ్చేవాళ్ల సంచులు తీసుకుని టోకెన్లివ్వడం, పోయేటప్పుడు టోకెన్లు తీసుకుని సంచులివ్వడం. ఆవిడకి ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది.

“అత్తయ్యా, నాకు తెలీదు. నిజంగా.”

“లెక్క బాగా చేశావులే. రెండు వందల పద్నాలుగు. ఒక్కటి కూడా వదల్లేదు.”

“ముందే నాతో ఒక్క మాట అని ఉంటే...”

“నువ్వు ఒక్క మాట అడిగి ఉంటే.”

షరతు పెట్టింది ఆవిడ. సరేనన్నది నేను. తోమిన గిన్నెనే ఆవిడ మళ్లీ తోమారు.

“అంకెల క్రమం తెలీదట. నాకు” అన్నారు కాసేపటికి. “సంచులివ్వడం కూడా పనే, చిన్నతనమేం లేదు. కానీ సంచి మీద చదువుకోడానికి ఏముంటుంది?”

“మరి అవి అక్కడెందుకు పెట్టారు?”

“పెట్టాను. అంతే” అని ఆవిడ కొళాయి కట్టేశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఒకసారి వాళ్లమ్మని, ఒకసారి నన్ను చూసి, “ఉప్పు సరిపోయిందే” అన్నాడు. ఎవరూ ఏమీ అడగకపోయినా.

తర్వాతి వారమంతా ఆవిడ ఆ పుస్తకాలని ఒక్కోటే తీసి నంబరు వరసలోకి చేర్చారు. సాయం ఎవరినీ అడగలేదు. జాబితా కాగితం అసలు చూడనే లేదు, ఏది ఎక్కడుందో చేతులకే తెలుసు. నేను మళ్లీ యంత్రంతో వెళ్తే మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా కీ కీ మనలేదు. అన్నీ ఎక్కడివక్కడ బుద్ధిగా నిలబడ్డాయి. ఆ నిశ్శబ్దం నాకు అస్సలు నచ్చలేదు.

ఆరో వారంలో తెర అల్మారాని పరీక్షకి పెట్టారు. కింది హాల్లో నాలుగు కంప్యూటర్లు వేసి, రోజూ వచ్చే పాఠకులని కొందరిని పిలిచారు. వేలితో జరుపుకుంటూ అందరూ ముచ్చటపడ్డారు. చిన్న కాగితాల మీద ‘బాగుంది’ అని రాసిచ్చారు. కానీ కొన్ని కాగితాల్లో ‘బాగుంది’ కింద ఇంకో ముక్క కూడా ఉంది. ‘పక్కన ఇంకో పుస్తకం ఉండాలి, కనబడలేదు.’ ఒక టైలరమ్మ అలాగే రాసింది. ఒక గుమాస్తా రాశాడు. కంప్యూటరంటే భయపడేవాళ్లు ఏదో ఒకటి రాస్తారులే అని పక్కన పెట్టేశాను.

చివరగా ఒక సైకిల్ మెకానిక్ వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. తెర ముట్టుకునే ముందు వేలు చొక్కాకి రెండుసార్లు తుడుచుకున్నాడు. వంట పుస్తకాలు తెరిపించి, ఎడమకి పోయి, కుడికి పోయి, మళ్లీ ఎడమకి వచ్చి నన్ను పిలిచాడు.

“అమ్మా, ఇక్కడ ఒక పుస్తకం ఉండాలండి. సన్నగా, ఆకుపచ్చ అట్ట. మతిమరుపొచ్చిన పెద్దవాళ్లకి ఎలా తినిపించాలో ఉంటుంది. మా అమ్మ తిన్నాక కూడా తినలేదంటుంది. ఒక్కోసారి నోట్లో ముద్ద పెట్టుకుని మింగడం మర్చిపోతుంది.”

వెతికి చూశాను. నరాల జబ్బుల దగ్గర, లావుపాటి వైద్య గ్రంథాల మధ్య ఉంది. దాని నంబరు అదే మరి.

“అక్కడికి నేనెప్పుడూ వెళ్లనండి” అన్నాడాయన. “అది డాక్టర్లు నిలబడే చోటు. నేను అమ్మకి మెత్తగా ఏదైనా వండుదామని వంటల దగ్గరికి పోతే, అక్కడే కనబడింది. అప్పట్నుంచి నాలుగుసార్లు తీసుకెళ్లాను. ఇవాళ తెర మీద లేకపోయేసరికి, పోయిందేమో అనుకున్నాను.”

నేనే పైకి వెళ్లి తెచ్చాను. తేదీ ముద్ర వేయడానికి చివరి పేజీ తిప్పాను. అక్కడ ప్రతి పుస్తకానికీ ఒక చీటీ అంటించి ఉంటుంది. పుస్తకం ఇంటికి వెళ్లినప్పుడల్లా దాని మీద తేదీ ముద్ర పడుతుంది. ఈ చీటీకి అడ్డంగా పెన్సిలుతో సన్నని గీత ఉంది. గీత పైన తొమ్మిదేళ్లలో రెండే రెండు ముద్రలు. గీత కింద చోటు లేకుండా నిండిపోయి, ఇంకో చీటీ అంటించి, అదీ సగం నిండింది.

నేను ముద్ర వేసి పుస్తకం ఆయన చేతికిచ్చాను. తర్వాత జాబితా తీసుకుని మళ్లీ పైకి వెళ్లాను.

నత్తి గురించిన పుస్తకం తీశాను. గీత. పైన ఒకటి, కింద ఇరవై రెండు. పాత బట్టలతో కొత్తవి కుట్టే పుస్తకం తీశాను. గీత. పైన ఏమీ లేదు, కింద రెండు చీటీలు. మొదటిసారి సొంతంగా కొట్టు పెట్టేవాళ్ల పుస్తకం. గీత. నలభై పుస్తకాలు తీసేసరికి కాళ్లు లాగి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. దూరంగా బండి చక్రాల చప్పుడు వినిపించింది, తర్వాత ఆగింది. నేను తలెత్తలేదు. షరతు షరతే కదా.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని దుప్పటి రెండో చివర పట్టుకున్నాను.

“అత్తయ్యా, ఆ పెన్సిలు గీత ఏంటి?”

“ఏ గీత?”

“నా దగ్గరా మీ నాటకాలు.”

ఆవిడ దుప్పటి అంచులు కలిపారు. “చోటు మార్చిన రోజు గీస్తాను. అక్కడ పెడితే ఎవరైనా ముట్టుకుంటున్నారా లేదా అని తెలియాలిగా. ఆరు నెలలు చూస్తాను. గీత కింద ఏమీ పడకపోతే గీత చెరిపేసి, పుస్తకాన్ని దాని ఇంటికి పంపేస్తాను.”

“అసలెందుకు మార్చడం?”

“నత్తి ఉన్న పిల్ల ఒకతి రోజూ వచ్చి ఉపన్యాసాల పుస్తకాల ముందు నిలబడేది. నోరు తెరిచి అడగలేదు కదా, అదే దాని ఇబ్బంది. నత్తి పుస్తకమేమో రోగాల మధ్యన ఉంది. నాకు ఒళ్లు మండింది. తీసుకొచ్చి దాని కళ్లెదురుగా పెట్టాను. అలా మొదలైంది.” దుప్పటి మడత నా చేతిలో పెట్టారు. “నంబరు వేసేవాడు పుస్తకాన్ని చూసి వేస్తాడు. నేను వచ్చిన మనిషిని చూస్తాను. అంతే తేడా.”

“ఇదంతా లైబ్రేరియన్ గారికి చెప్పొచ్చుగా.”

“ఆయన అడిగితే చెప్పేదాన్ని. ఆయనకి నా ఏడో తరగతే కనబడింది.”

అప్పుడు నాకు ఆ ఖాళీ గడి గుర్తొచ్చింది. రెండో నంబరు. నా వేలు వాచేలా దాటుకుంటూ వచ్చిన గడి.

“కర్ర అల్మారాలో పుస్తకం ఒక్కచోటే నిలబడుతుంది కదా” అన్నాను.

“లేకపోతే రెండుగా కోస్తావా?”

“తెర మీద రెండు చోట్ల నిలబడుతుంది అత్తయ్యా. రెండు చోట్లా అదే పుస్తకం. కోయక్కర్లేదు.”

ఆవిడ చేతిలో దిండు గలీబు అలాగే ఉండిపోయింది. “ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరూ చెప్పలేదు. రేపు చూపిస్తాను.”

మర్నాటి నుంచి మూడు మధ్యాహ్నాలు, భోజనం వేళ అందరూ బయటికెళ్లినప్పుడు, ఆవిడ కంప్యూటరు గదిలో నా పక్కన కూర్చున్నారు. ఇది షరతు తప్పడం కాదని, తలుపు వేసి ఉంది కాబట్టి మనం ఎదురుపడినట్టు కాదని ఆవిడే తీర్పు చెప్పేశారు. నేను జాబితాలోంచి పేరు చదవడం, ఆవిడ వెంటనే దాని రెండో నంబరు చెప్పడం. చుక్క తర్వాత అంకెలతో సహా. ఒక్కసారి కూడా తడుముకోలేదు. అంకెల క్రమం తెలియని మనిషి రెండు వందల పద్నాలుగు నంబర్లు నోటికి అప్పజెబుతుంటే నా వేళ్లు అందుకోలేక తల ప్రాణం తోకకొచ్చింది.

“తొందరగా కొట్టు. ఇంతేనా నీ కంప్యూటర్ చదువు?”

“కొడుతున్నానండీ.”

నాలుగో రోజు లైబ్రరీ కమిటీ వచ్చింది. తెర అల్మారాని చూసి సరే అనడానికి. హాల్లో పొడుగుబల్ల దగ్గర సైలెన్స్ గారు, ఒక రిటైరైన నర్సు, ఒక ప్రెస్సు యజమాని కూర్చున్నారు. నేను తెర వెలిగించాను. వాళ్లు వేలితో జరిపి చూసి తలలూపారు. అప్పుడు తలుపు తోసుకుని బండి వచ్చింది. దాని నిండా పుస్తకాలు, అన్నీ చివరి పేజీ దగ్గర తెరిచి, ఒకదాని మీద ఒకటి బోర్లించి.

సైలెన్స్ గారు పెదవుల మీద వేలు పెట్టారు. మా అత్తగారు ఆయన ముందు ఒక పుస్తకం పెట్టారు. నర్సు ముందు ఒకటి, ప్రెస్సాయన ముందు ఒకటి.

“మాట్లాడనండి. చూడండి చాలు.”

ఆయన చూశారు. వేలు పెదవుల మీంచి జారి చీటీ మీదికి వచ్చింది. “గీత పైన నాలుగు. కింద ఇరవై తొమ్మిది” అని గొణిగారు. ఇంకోటి తీశారు. ఇంకోటి. పావుగంట దాకా ఆ హాల్లో పేజీ తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఈ గీత మీదా?”

“నాదేనండి. చోటు మార్చిన రోజు గీసింది.”

“గీత కింద ఏమీ లేనివి?”

“అవి ఇందులో ఉండవు. గీత చెరిపి వెనక్కి పంపేశాను.”

“అలాంటివి ఎన్ని?”

“నూట యాభై పైనే. అన్నిసార్లు నా లెక్క తప్పింది.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “బాగానే ఉంది. కానీ నంబరు చూసుకుని వచ్చినవాడికి పుస్తకం అక్కడ దొరకకపోతే?”

“నన్ను అడిగేవాళ్లు, తీసిచ్చేదాన్ని. నేను సెలవు పెట్టిన రోజు దొరికేది కాదు. అది తప్పే, ఒప్పుకుంటాను.” ఆవిడ నా వైపు చూడకుండానే వేలు నా వైపు చూపించారు. “ఇక ఆ ఇబ్బంది లేదట. ఆ కంప్యూటర్ అమ్మాయి చెబుతుంది.”

లేచి చెప్పాను. పైన పుస్తకం తన నంబరు దగ్గరే నిలబడుతుందని, తెర మీద మాత్రం దానికి రెండో చోటు కూడా ఉంటుందని చెప్పాను. ముందురోజు కబురంపితే వచ్చి మూల కూర్చున్న సైకిల్ మెకానిక్‌ని పిలిచాను. ఆయన వేలు చొక్కాకి తుడుచుకుని, వంటల వరసలోకి పోయి, రెండుసార్లు కుడికి జరిపాడు.

“ఇదిగోండి. ఇక్కడే ఉంది. నేను చెప్పలేదూ?”

రిటైరైన నర్సు ముందుకు వంగి చూసింది. నరాల జబ్బుల వరస తెరిపించి అక్కడా చూసింది. అదే ఆకుపచ్చ అట్ట, అక్కడా ఉంది. “ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో పనిచేశాను” అంది. “ఇంట్లోవాళ్లు మమ్మల్ని అడిగేది ఇదే. ఏం తినిపించాలి అని. రోగం పేరు ఒక్కరూ అడగరు.”

సైలెన్స్ గారు తన ఫైలు తెరిచి, మా అత్తగారికి పంపిన ఉత్తరం నకలు బయటికి తీశారు. “ఈ సంచుల కౌంటరు సంగతి...”

“అది తర్వాతండి” అన్నారు మా అత్తగారు. “ముందు ఆ మొదటి ముక్క కొట్టేయండి. అంకెల క్రమం తెలియదన్న ముక్క.”

ఆయన కలం మూత తీసి, ఆ ముక్క మీద ఒకటికి రెండుసార్లు కొట్టేశారు. “నేను మిమ్మల్ని అడగవలసింది. అడగలేదు. తప్పు నాది.” తర్వాత బల్ల మీద పెన్సిలు కోసం వెతికారు. దొరికాక, ఉత్తరానికి అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గీత గీశారు. దాని కింద రాస్తూ పైకి చదివారు. “సంచుల కౌంటరు ఉత్తర్వు రద్దు. పుస్తకాలకు రెండో చోటు నిర్ణయించే బాధ్యత వీరిదే. కంప్యూటరు గది నుంచి సహాయం ఉండాలి. అందుకు ఆ గదిలోని ఉద్యోగం ఏడాది పొడిగింపు.”

ప్రెస్సాయన చప్పట్లు కొట్టాడు. మెకానిక్ కొట్టాడు. లైబ్రరీ హాల్లో చప్పట్లు నేను వినడం అదే మొదటిసారి. సైలెన్స్ గారు పెదవుల మీద వేలు పెట్టబోయి, మానుకున్నారు.

మా అత్తగారు మాత్రం ఏమీ జరగనట్టు పుస్తకాలు బండిలోకి సర్దుకుని, “తప్పుకో అమ్మాయ్” అని నా పక్క నుంచే తోసుకుపోయారు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, నవ్వూ వచ్చింది. ఈవిడ మారదు అనుకున్నాను.

సాయంత్రం అలవాటుగా ఆవిడకి ముందు బస్సు వదిలేసి, పది నిమిషాలు ఆగి బయటికొచ్చాను. ఆకాశం మూసుకుని, ఆ ఏటి మొదటి చినుకులు పడుతున్నాయి. స్టాపులో ముందు బస్సు ఇంకా కదల్లేదు. ఆఫీసులు వదిలిన వేళ కదా, లోపల కాలు పెట్టే సందు లేదు. బస్సు మెట్టెక్కి, దిగిపోయి వెనక బస్సు కోసం చూద్దామా అనుకుంటుండగా, మూడో వరస నుంచి తెలిసిన గొంతు వినిపించింది. కిటికీ పక్క సీటులో మా అత్తగారు. ఆవిడ పక్క సీటులో ఆవిడ సంచి. నిలబడ్డ ఒకావిడ ఆ సంచి తీయమని పోట్లాడుతోంది.

“మనిషి వస్తుందని చెప్పానుగా” అంటున్నారు మా అత్తగారు, బస్సంతా వినపడేలా. “మా కోడలు. ఇక్కడే లైబ్రరీలో పనిచేస్తుంది.”